కెమెరా కంటికి కాటుక

లైవ్ పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఎంతమంది చూస్తారు?" ఎవరు చూడాలో చెప్పరు, ఏం చూపించాలో చెప్పరు. గృహప్రవేశం కానీ, చెవులు కుట్టడం కానీ, పెద్దకర్మ కానీ, ముందు ఆ సంగతి తేలాలి. "లింకు పంపితే ప్రపంచమంతా చూడొచ్చు" అంటాను నేను. అది అబద్ధం కాదు. ప్రపంచానికి వేరే పని లేకపోతే చూడొచ్చు. జరిగేది మాత్రం ఏంటంటే, ఓ ముప్పైమంది చూస్తారు. అందులో పదిమంది అదే మండపంలో కూర్చుని, తాము తెరమీద పడుతున్నామా లేదా అని ఫోను ఎత్తి చూసుకునేవాళ్ళు. ఇంకొకటి నా ఫోను.

వేలూరు నుంచి కాట్పాడి వెళ్ళే రోడ్డు మీద మా షాపు. షట్టరు ఎత్తితే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడనిండా కెమెరాలు. మొదట్లో దొంగల కోసమే పెట్టేవాళ్ళం. నగల కొట్లకీ, తోళ్ళ గోడౌన్లకీ బాగా నడిచింది. తర్వాత జనానికి దొంగల కంటే చుట్టాల మీద ధ్యాస ఎక్కువైంది. మాకేం, సరుకు అదే. ఈ నెట్‌వర్క్ కెమెరాకు ఒకే వైరు. దాంట్లోనే కరెంటు పోతుంది, దాంట్లోనే బొమ్మా మాటా వస్తాయి. గోడకు బిగిస్తే కాపలా, స్టాండు మీద పెడితే లైవు.

పరదరామిలో ఒక మామిడితోట ఆసామి గృహప్రవేశానికి కెమెరా ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టాడు. ఈశాన్యంలో పెడితే పాలు పొంగడం కనపడదు, పొయ్యి ముందు కూర్చున్న ఆయన వీపు మాత్రం కనపడుతుంది. చెప్పి చూశాను. వాస్తు ముందు నా మాట ఎంత? రెండు గంటలపాటు ఆయన వీపు ప్రపంచానికి ప్రసారమైంది. "వీపు బాగుండాది మామా" అని వీడియో కింద ఎవరో రాశారు, తమిళ అక్షరాల్లో. మావాళ్ళు తెలుగు గంటలకొద్దీ మాట్లాడతారు, రాయమంటే, చదువు తమిళబళ్ళో కాబట్టి, తమిళంలోకి దిగిపోతారు. తిరువలంలో ఒక నిశ్చితార్థానికి నాదస్వరం ఆయన ఉత్సాహం పట్టలేక సినిమా పాట ఎత్తుకున్నాడు. పాట హక్కులు ఎవరివో కనిపెట్టి, లైవు నడిచే వెబ్‌సైటు మొత్తం శబ్దం ఆపేసింది. మిగిలిన ముహూర్తమంతా మూగసినిమా. "మీ కెమెరాకు నోరు పడిపోయిందా?" అని పెళ్ళికొడుకు తండ్రి నన్ను తిట్టాడు. నాదస్వరం ఆయనకు మాత్రం శాలువా కప్పారు.

ఈ షాపు మొదలుపెట్టింది మా ఆయన. ఆయన నిచ్చెన ఎక్కితే నేను కింద పట్టుకునేదాన్ని. అలా పట్టుకుని పట్టుకుని పని నేర్చుకున్నాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయిన మొదటి ఏడాది గోడౌన్ల పని మామూలుగానే వచ్చింది, పెళ్ళిళ్ళ పని ఒక్కటీ రాలేదు. కారణం ఎవరూ చెప్పరు. "ముందే వేరేవాళ్ళకు చెప్పేసినామమ్మా" అంటారు, ఎంతో మర్యాదగా. గోడౌనుకు నా వైధవ్యంతో ఇబ్బంది లేదు, పెళ్ళికే ఇబ్బంది. అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. బొట్టు కాస్త పెద్దది చేశాను. మెడలో వెడల్పాటి పట్టీ ఉన్న ఐడీ కార్డు వేసుకున్నాను. ఆ పట్టీ కింద ఏముందో, ఏం లేదో ఎవరూ వెతకరు. కొత్తగా వచ్చినవాళ్ళు "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగితే "షాపులో ఉండాడు" అంటాను. ఉన్నాడు కూడా. బల్ల వెనక గోడమీద, దండతో.

ఆ తర్వాత నేను ఎక్కని పెళ్ళి అరుగు లేదు. తాళి కట్టే చేతికి జానెడు దూరంలో నిలబడి వైర్లు సర్దాను. ఆ పెళ్ళిళ్ళలో ఏదీ నావల్ల చెడిపోయినట్టు ఇంతవరకు నాకు కబురు రాలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఒకామె షాపుకు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పేర్ణాంబట్టులో చెప్పుల పైతోలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను పని. గుడియాత్తంలో ఇల్లు, రోజూ బస్సు. కూతురి పెళ్ళి కుదిరిందని చెప్పింది. ఇక "ఎంతమంది చూస్తారు" అంటుందని నేను ప్రపంచాన్ని సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆమె ఆ ప్రశ్న అడగలేదు.

"అక్కా, తాళి కట్టేటప్పుడు నా బిడ్డ ముఖం దగ్గరగా కనపడతాదా?"

"కనపడతాది. ఎవురికి చూపించాలమ్మా? దూరంలో ఎవురుండారు?"

"నాకే."

"నువ్వు యాడుంటావు?"

"మండపంలోనే అక్కా. పైన, బట్టలు మార్చుకునే గదిలో."

అప్పుడు కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాను. భర్త పోయి నాలుగేళ్ళట. ఆయన అక్క, అంటే ఈమెకు పెద్ద ఆడబిడ్డ, పెళ్ళి పెత్తనమంతా తీసుకుంది. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేది ఆ ఆడబిడ్డా, ఆమె మొగుడూ. తల్లి అరుగు మీద కనపడకూడదు. కింద జనంలో కూర్చున్నా పిల్ల ఎదురుగా పడుతుంది కాబట్టి ముహూర్తం అయ్యేదాకా పైగదిలోనే ఉండాలి. కూతురు పోట్లాడిందట, నాలుగు రోజులు అన్నం మానేసిందట. తల్లే నోరు మూయించింది.

"రేపు దానికి జలుబు చేసినా నావల్లే అంటారక్కా. బతికినన్నాళ్ళు ఆ మాట మోయలేను. అరుగు మీదకు నేను రాను. కానీ చూడాల. దాని ముఖం చూడాల, అంతే."

రోలు వచ్చి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది. నేనూ నీలాంటిదాన్నే, నేను ఎక్కని అరుగు లేదు, ఆకాశమేం విరిగి పడలేదు, అని ఆ నిమిషంలో చెప్పాలి. నా వెనక గోడమీద ఆయన ఉండనే ఉన్నాడు, సాక్ష్యానికి. ఆమె ఎదురుగా కూర్చుని చూసి కూడా, మామగారి ఫొటో అనుకుందో ఏమో, అడగలేదు. నేను చెప్పలేదు. గుడియాత్తం నుంచి వచ్చిన మనిషి, ఆ ఊరి మండపాల్లో ఆ సీజనుకు నాకు ఇంకా మూడు పెళ్ళిళ్ళు ఉన్నాయి. చెప్పడానికి బదులు నాకు బాగా చేతనైన పని చేశాను. పెద్ద టీవీ అయితే ముఖం బాగా కనపడుతుందని సలహా ఇచ్చాను.

ఆ ఏర్పాటు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముప్పై మెట్లు దిగితే కనపడే బిడ్డను చూపించడానికి మూడు కెమెరాలు, ఒక స్విచ్చి పెట్టె, రెండు సిమ్‌కార్డుల రూటరు, ఒక టీవీ. పైకి నేరుగా వైరు లాగుదామంటే, కొత్తగా రంగు వేసిన గోడ, మేకు తగలకూడదని మండపం మేనేజరు ఒప్పుకోలేదు. కాబట్టి పెళ్ళికూతురి ముఖం అరుగు మీద నుంచి బయలుదేరి, గుడియాత్తం దాటి, ఏ దేశంలోనో ఉన్న కంప్యూటరుకు వెళ్ళి, అక్కడి నుంచి సముద్రం దాటి వచ్చి, ఆమె సెల్‌ఫోను ద్వారా టీవీలోకి దిగాలి. ఆ ప్రయాణానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాను.

"అంటే కింద మేళం మోగినాక నాకు తాళి కనపడతాదా?"

"ఎనిమిది సెకండ్లే అమ్మా."

"సరి. ఆగతాలే" అంది.

పెళ్ళిరోజు ఉదయం ఐదింటికల్లా మండపంలో ఉన్నాను. ఇడ్లీ ఆవిరి, పూలవాళ్ళ గోల, వీడియో తీసేవాళ్ళు తమ లైట్లకు నా స్టాండు అడ్డమని మొహం మాడ్చుకోవడం, అన్నీ మామూలే. మొదటి కెమెరా హాలు వెనక గోడ పక్కన స్టాండు మీద, మొత్తం జనం పడేట్టు. మూడోది భోజనాల హాల్లో, ఎందుకంటే మావాళ్ళు తాళి లేకుండానైనా పెళ్ళి చూస్తారేమో కానీ వడ్డన లేకుండా చూడరు. రెండోదే అసలైనది. దాన్ని అరుగు అంచున పొట్టి స్టాండు మీద, పీటలకు ఎదురుగా, పెళ్ళికూతురి ముఖం ఎత్తులో పెట్టాను. మంత్రాలు వినపడాలని దాని మైకు బాగా పెంచాను.

అప్పుడు వచ్చింది పెద్ద ఆడబిడ్డ. అరవై ఏళ్ళ మనిషి, కంచిపట్టు, నడుముకు తాళంచెవుల గుత్తి. మండపంలో ఆమె తెరవాల్సిన తాళం ఒక్కటీ లేదు. అయినా తిరుగుతుంటే చప్పుడు ఉండాలి కదా. కెమెరా ముందు వంగి, దాని కంట్లోకి తన కన్ను పెట్టి చూసింది.

"ఏమ్మా, ఇదేంది, నిజం కన్ను మాదిరే ఉండాది. దీంట్లో ఎంతమంది చూస్తారు?"

"ప్రపంచమంతా చూడొచ్చు పెద్దమ్మా."

"ప్రపంచమంతానా! నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయంటారు. అంతమంది కన్ను పిల్లమీద పడితే ఎట్ల?"

నాకు తెల్లవారుజామున నోటిదూల ఎక్కువ. "దీనికే ఒక దిష్టిచుక్క పెట్టేయండి పెద్దమ్మా, పీడ పోతాది" అన్నాను. ఆమె నవ్వలేదు. తల పంకించింది. నేను అది పట్టించుకోలేదు.

"నీ మొగుడు ఏం చేస్తాడు?"

"షాపులో ఉండాడు."

"మంచిది. పుణ్యస్త్రీవి, నువ్వే దగ్గరుండి చూసుకో. కండకండవాళ్ళను, వచ్చినోళ్ళనంతా అరుగు మీదకు రానియ్యబాక. పోయేటప్పుడు తాంబూలం తీసుకోకుండా పోవద్దు."

నేను తలూపి పైకి వెళ్ళాను. బట్టల పెట్టెలు, మేకప్ డబ్బాలు, ఎవరిదో విప్పేసిన చుడీదారు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆమె చెప్పులు గది బయటే విడిచి కూర్చుని ఉంది. టీవీ పెట్టి చూపించాను. పీటల దగ్గర పురోహితుడు బియ్యం పోస్తున్నాడు. ఒక్కొక్క గింజ కనపడుతోంది. "అబ్బ" అంది ఆమె. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఒక తల్లిని గదిలో పెట్టి తలుపు వేసే పనిలో నా వంతు నేను ఎంత బాగా చేశానో అని.

జీలకర్రబెల్లం దాకా అంతా సక్రమంగా జరిగింది. నలభై ఆరుమంది చూస్తున్నారు. నేను అరుగు పక్కన, పూల తడిక వెనక బల్ల వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. హాల్లో జనం అందరూ ఒకేసారి ఫోన్లు ఎత్తేసరికి సిగ్నలు తగ్గింది. రెండు సిమ్ములూ మార్చి మార్చి దాన్ని దారికి తెచ్చి, తల ఎత్తి చూస్తే రెండో కెమెరా నల్లబడి ఉంది. పూర్తిగా కాదు. అంచుల్లో పూలు, కలశం కొబ్బరికాయ కనపడుతున్నాయి. నడిమధ్యన, పెళ్ళికూతురి ముఖం ఉండాల్సిన చోట, ఒక నల్లటి మబ్బు.

నిపుణురాలిని కదా, నిపుణురాలికి తోచేవన్నీ తోచాయి. ఫోకస్ చెడిందనుకున్నాను. కెమెరా చీకటి పడిందనుకుని రాత్రి పద్ధతిలోకి మారిందేమో అనుకున్నాను. వైరు పీకి పెట్టాను. కెమెరాను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు పోయాయి, మబ్బు పోలేదు. "కరెంటు పోయినాదా?" "పొయ్యిపొగ" అని వీడియో కింద జనం రాస్తున్నారు. నా ఫోను మోగింది.

"అక్కా, నల్లగా ఉండాది."

"ఒక్క నిమిషం అమ్మా. నెట్‌వర్క్."

మా వృత్తిలో పాపాల భైరవుడు నెట్‌వర్కే. ఏది చెడినా దాని నెత్తినే వేస్తాం, అది ఎప్పుడూ ఎదురు చెప్పదు. తుడిచే గుడ్డ తీసుకుని అరుగెక్కాను. దగ్గరికి వంగి చూస్తే కెమెరా అద్దం మీద, సరిగ్గా నడుమ, గుండ్రంగా, నున్నగా, తీరుగా ఒక కాటుకచుక్క. పసిబిడ్డకు పెట్టినట్టు పెట్టారు. అంత దగ్గరగా ఉన్న చుక్క కెమెరాకు చుక్కలా కనపడదు, లోకమంతా నల్లబడుతుంది.

"ముట్టద్దు" అంది పెద్ద ఆడబిడ్డ. పీటమీదే కూర్చుని ఉంది, కెమెరాకు మూరెడు దూరంలో. ఆమె కొంగుకూ మొగుడి ఉత్తరీయానికీ ముడి వేసి ఉంది.

"పెద్దమ్మా, దీనివల్ల ఏమీ కనపడలా."

"నువ్వేగా పెట్టమనింది."

"ఎగతాళికి అన్నా పెద్దమ్మా. నలభైమంది చూస్తాండారు."

"వాళ్ళ కన్నుతో నాకేం భయం లే. వెనక కెమెరాలో చూసుకుంటారు." గొంతు తగ్గించింది. "పైన కూచోనుండాదే, దాని కన్ను. మొగుణ్ణి మింగిన కన్ను. అది తాళిమీద పడకూడదు. కట్టేదాకా ఉండనీ, కట్టినాక నేనే తుడిచేస్తా. పుణ్యస్త్రీవి, నీకు తెలియందా?"

చేతిలో గుడ్డ అలాగే ఉంది. రెండే రెండు పనులు చేయాలి నేను. ఆ చుక్క తుడవాలి. నీ ఎదురుగా నిలబడింది కూడా అదే కన్నని చెప్పాలి. గుడియాత్తంలో ఒక మండపంలో పుట్టిన మాట భోజనాలు అయ్యేలోపు కాట్పాడి చేరుతుంది. మిగిలిన మూడు పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. ఐడీ కార్డు పట్టీ సర్దుకుని, గుడ్డ మడిచి, వెనక్కి దిగి వచ్చాను. ఇంత రాసిన తర్వాత ఇంకో మాట వాడటం ఎందుకు, పిరికిదాన్ని.

బల్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మళ్ళీ మోగుతోంది.

"నెట్‌వర్కేనమ్మా. టవరు మీద లోడు ఎక్కువైనట్టుండాది. ఇప్పుడు వచ్చేస్తాది" అన్నాను.

అటువైపు టీవీలో మంత్రాలు వినపడుతున్నాయి.

"మాటలు బాగా ఇనపడతాండాయి అక్కా" అంది. పెట్టేసింది.

కంప్యూటరు వంక చూశాను. రెండో కెమెరా మైకు తాలూకు పచ్చగీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. పురోహితుడి మంత్రం, పక్కన ఎవరో దగ్గడం, పెద్ద ఆడబిడ్డ గాజుల చప్పుడు, అన్నీ స్పష్టంగా పోతున్నాయి. కంటికి కాటుక పెట్టారు కానీ చెవి తెరిచే ఉంది. మొగుణ్ణి మింగిన కన్ను అన్న మాట, దానికి నేను నోరు తెరవకపోవడం, రెండూ సముద్రం దాటి వెళ్ళి ఎనిమిది సెకన్లలో పైగది చేరాయి. అవి చేరిన తర్వాతే ఆమె నాకు ఫోను చేసింది. నేను ఆమెకు నెట్‌వర్క్ అని చెప్పాను.

మెట్ల మీద ఆమె కనపడింది. పరుగెత్తడం లేదు. బస్సుకు ఇంకా టైము ఉన్న మనిషి నడిచినట్టు నడుస్తోంది. తాళి పళ్ళెం అప్పుడే జనం చేతులు తాకి వచ్చి పురోహితుడి చేతికి అందింది. నాదస్వరం ఆయన సైగ కోసం అరుగు వంకే చూస్తున్నాడు. ఆమె నా దగ్గరికి వస్తుందనుకున్నాను, నాలుగు తిట్లు తినడానికి తల వంచి నిలబడ్డాను. నన్ను చూడనే లేదు. నా బల్ల పక్కనుంచే మూడు మెట్లు ఎక్కి అరుగు మీదకు వెళ్ళింది.

"ఏందే! యాడికొచ్చినావు? దిగు, దిగు కిందికి!" పెద్ద ఆడబిడ్డ లేవబోయింది. కొంగుముడి పట్టి లాగింది. అవతల మొగుడు గంటన్నర నుంచి బాసింపట్టు వేసుకుని కాళ్ళు తిమ్మిరెక్కి కూర్చున్నాడు. లేవలేకపోయాడు. లేవాలని పెద్దగా ప్రయత్నించినట్టు కూడా నాకు కనపడలేదు. ఆమె సగం లేచి మళ్ళీ పీటమీద కూలబడింది. తాళంచెవులు గలగలమన్నాయి.

"లైవ్‌కు దుడ్డిచ్చింది నేను వదినా" అంది తల్లి. గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీలో సరుకు బాగాలేదని చెప్పే గొంతు. "నాకు కనపడలా. తుడుచుకొని పోతా."

నా తెరమీద ముందు ఒక పెద్ద వేలు కనపడింది. తర్వాత చీర కొంగు నేత. కొంగు తీసేసరికి మబ్బు లేదు. పెళ్ళికూతురి ముఖం, కళ్ళ నీళ్ళతో సహా, తెరనిండా తేటగా ఉంది. ఆ కెమెరా అంత బాగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు.

చెప్పినట్టే ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు తన వేలు చూసుకుంది. చూపుడువేలి కొసన కాటుక. ఒక క్షణం అలాగే చూసి, మళ్ళీ తిరిగి, రెండడుగులు వేసి, వంగి, ఆ కాటుక కూతురి బుగ్గమీద పెట్టింది.

"తల్లికన్ను కూడా తగులుతాదంట నాయనా" అంది. "అందుకే చిన్నప్పట్నుంచి పెడతాండా."

పెళ్ళికూతురు ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. తల్లి గుంజుకోబోయింది, వదల్లేదు. పురోహితుడు పెద్ద ఆడబిడ్డ వంక చూశాడు, ముహూర్తం వంక చూశాడు, నా కెమెరా వంక కూడా చూశాడు. పెళ్ళికొడుకు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి. "ఉండండత్తా" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాచి తాళి అందుకున్నాడు. గట్టిమేళం మోగింది. అక్షింతలు పడ్డాయి. సగం ఆమె తలమీద కూడా పడ్డాయి. ఎనిమిది సెకన్ల తర్వాత అదంతా పైగదిలో ఖాళీ కుర్చీ ముందు టీవీలో వచ్చి ఉంటుంది.

ఆ రోజు లైవు చూసినంతమంది నా జీవితంలో ఏ లైవూ చూడలేదు. మాట ఎలా పాకిందో ఏమో, నలభై ఆరు కాస్తా నిమిషాల్లో నాలుగు వందలు దాటింది. భోజనాల హాల్లో ఇడ్లీ తింటున్నవాళ్ళు, పక్క హాల్లో జరుగుతున్న పెళ్ళిని లేచి వచ్చి చూడకుండా, ఫోన్లో చూశారట. మూడో కెమెరాలో వాళ్ళు ఫోన్లు చూస్తుండటం నాకు కనపడింది.

కాసేపటికి పెద్ద ఆడబిడ్డ తాంబూలం పళ్ళెంతో నా బల్ల దగ్గరికి వచ్చింది. కొంగుముడి విప్పారు, ముఖం మాత్రం ఇంకా ముడిపడే ఉంది.

"ఆ ముక్క కోసెయ్యమ్మా. ఊరూరా చూస్తాండారు, పరువు పోతాది."

"లైవ్ పెద్దమ్మా. పోయింది పోయినట్టే. ఎవురూ కోయలేరు" అన్నాను.

రెండు నిమిషాల పని అది. ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ వీడియో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

"ఏం కలికాలమో" అని, కుంకుమభరిణె మూత తీసి, నాకు పెట్టడానికి వేలు ముంచింది. "నువ్వన్నా పుణ్యస్త్రీవి, దగ్గరుండి..."

"మా ఆయన షాపులో గోడమీద ఉండాడు పెద్దమ్మా" అన్నాను. "దండేసి. ఐదేండ్లయ్యింది."

వేలు భరిణెలోనే ఆగిపోయింది. ఆమె చూపు నా ముఖం మీద నుంచి అరుగు మీదకు, రెండో కెమెరా మీదకు, తాళి ఉన్న మెడ మీదకు పోయి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఉదయం ఐదింటి నుంచి నేను ఏమేం ముట్టుకున్నానో తలచుకుంటోంది పాపం, చాలానే ఉన్నాయి. వేలు తుడుచుకుని, మూత పెట్టుకుని, పళ్ళెంతో సహా వెళ్ళిపోయింది. నేను ఆ మాట అనడానికి ధైర్యం తెచ్చుకున్నానని గొప్ప చెప్పుకోను. ధైర్యం కావలసిన సమయం గంట కిందటే దాటిపోయింది. ఆ సీజను మూడు పెళ్ళిళ్ళలో రెండు రద్దయ్యాయి. "ముందే వేరేవాళ్ళకు చెప్పేసినామమ్మా" అన్నారు.

మధ్యాహ్నం వైర్లు చుట్టుకుంటుంటే తల్లి వచ్చింది. తలలో ఇంకా రెండు అక్షింతలు ఉన్నాయి. చూపుడువేలికి నలుపు పూర్తిగా పోలేదు.

"నెట్‌వర్క్ సరైపోయినాదా అక్కా?"

నేను తల ఎత్తలేదు. "అది నెట్‌వర్క్ కాదమ్మా."

"తెలుసు." పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా వదిన నీ గురించి బంతి బంతికీ చెప్తాండాది."

"చెప్పనీ."

"నీ షాపులో ఆ ఫొటో మీ ఆయనదేనా?"

"ఆయనదే."

నేను చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుట్టాను. ఆమె కోపంగా ఉంటే బాగుండేది, కోపం లేదు.

"ఆ ఆదివారమే చెప్పుండొచ్చు కదక్కా" అంది. "నేను ఆ గదిలో కూచోనుండేదాన్నే కాదు."